పోలీసులు "ఊరికే మాట్లాడదాం, రా" అన్నారు. యూకేలో ఫ్రీ సొలిసిటర్‌ని ఎలా పెట్టుకోవాలి?

లీడ్స్_సుబ్బు
మా రూమ్మేట్ స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు, వారానికి 20 గంటలు వేర్‌హౌస్‌లో పని. అక్కడ జరిగిన గొడవలో ఎవరినో కొట్టాడని కంప్లైంట్ వెళ్ళింది. ఆఫీసర్ ఫోన్ చేసి "అరెస్టేమీ కాదు, వాలంటరీ ఇంటర్వ్యూ మాత్రమే. గురువారం వచ్చి నీ వైపు చెప్పుకో, అరగంట పని" అన్నాడట. వీడు ఒక్కడే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసి వస్తానంటున్నాడు. సొలిసిటర్ కావాలని అడిగితే తప్పు చేసినట్టు అనుకుంటారని భయం. చేతిలో డబ్బుల్లేవు. అన్నిటికంటే పెద్ద భయం ఇంకోటి: వీసా షరతుల్లో "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయం తీసుకోరాదు) అని ఉంది కదా, ఫ్రీ లాయర్‌ని వాడుకుంటే వీసా రద్దవుతుందని వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కేసుకాగితం
ఒంటరిగా వెళ్ళనివ్వకు. ముందు ఆ వీసా భయం తీర్చేద్దాం, ఎందుకంటే మనవాళ్ళు సగం మంది ఇక్కడే ఆగిపోతారు. ఇమిగ్రేషన్ రూల్స్‌లో "పబ్లిక్ ఫండ్స్" అంటే ఏవేవో పేరుపేరునా జాబితా ఉంది: యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, చైల్డ్ బెనిఫిట్ లాంటివి. లీగల్ ఎయిడ్, అంటే లాయర్ ఫీజు ప్రభుత్వం కట్టే పద్ధతి, ఆ జాబితాలో లేదు. వాడుకుంటే వీసా షరతు తప్పినట్టు కాదు.

ఇక డబ్బు సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లో పోలీస్ ఇంటర్వ్యూకి సొలిసిటర్ సలహా అందరికీ ఉచితం. జీతం అడగరు, బ్యాంకులో ఎంతుందో అడగరు, ఏ దేశస్థుడివో అడగరు. అరెస్ట్ అయినవాళ్ళకి ఈ హక్కు 1984 నాటి పేస్ (పోలీస్ అండ్ క్రిమినల్ ఎవిడెన్స్) చట్టం 58వ సెక్షన్‌లో ఉంది. వాలంటరీ ఇంటర్వ్యూకి వెళ్ళినవాళ్ళకి కూడా ఉచిత సలహా ఉందని ఇంటర్వ్యూకి ముందు పోలీసులే చెప్పాలి.

కరీంనగర్_పోరడు
"వాలంటరీ" అనే మాట జూసి మోసపోకున్రి. అది గూడ కాషన్ కిందనే జరుగుతది, రికార్డ్ అయితది, రేపు కోర్టుల చదువుతరు. అరెస్ట్ చేసి అడిగిన ఇంటర్వ్యూకి ఎంత విలువో దీనికీ గంతే. ఒక్కటే తేడా, మధ్యల లేచి పోవచ్చు. కానీ లేచి పోతుంటే అవసరమనుకున్నరంటే అప్పుడే అరెస్ట్ చెయ్యొచ్చు.

లీడ్స్_సుబ్బు
కాషన్ అంటే వార్నింగ్ ఇచ్చి వదిలేయడం కాదా?

హౌన్‌స్లో_అక్క
రెండు వేర్వేరు సంగతులకి అదే పేరు, అందుకే అందరూ తికమకపడతారు. ఇంటర్వ్యూ మొదట్లో చదివే కాషన్ ఒకటి. దాని సారం: నువ్వు ఏమీ చెప్పనక్కర్లేదు. కానీ రేపు కోర్టులో నీ రక్షణకి వాడుకోబోయే విషయం ఇప్పుడు అడిగినప్పుడు చెప్పకపోతే, అది నీకు నష్టం కావచ్చు. నువ్వు చెప్పినదంతా సాక్ష్యంగా వాడొచ్చు. మధ్యలో ఉన్న ఆ "నష్టం కావచ్చు" ముక్కే సొలిసిటర్ ఎందుకు కావాలో చెప్తుంది. మాట్లాడినా చిక్కే, మాట్లాడకపోయినా చిక్కే. ఏది ఎప్పుడో తేల్చాలంటే పోలీసుల దగ్గర ఏ సాక్ష్యం ఉందో ముందు తెలియాలి. సొలిసిటర్ ఉంటే ఇంటర్వ్యూకి ముందు ఆ ఆఫీసర్‌ని అడిగి కేసు వివరాలు కొంతైనా రాబడతాడు. ఒక్కడే వెళ్తే అతను అడుగుతుంటేనే తెలుస్తుంది.

రెండో కాషన్ శిక్ష లాంటిది. తప్పు ఒప్పుకుని సంతకం పెడితే కోర్టు లేకుండా ముగించేస్తారు. దాని గురించి తర్వాత రాస్తాను, వీసా వాళ్ళకి అది పెద్ద గొయ్యి.

గోదారోడు
ఇంత రామాయణం ఎందుకు? "నో కామెంట్" అని చివరిదాకా అనేసి వచ్చేస్తే సరిపోయె.

కేసుకాగితం
@గోదారోడు అన్ని కేసులకీ ఆ మందు పనిచేయదు. ఆత్మరక్షణ కోసం నెట్టాడనుకో. ఆ మాట ఇంటర్వ్యూలో అనకుండా ఆరు నెలల తర్వాత కోర్టులో మొదటిసారి అంటే, "ఇది తర్వాత అల్లిన కథ" అని కోర్టు అనుకోవచ్చు. 1994 క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం 34వ సెక్షన్ అలా అనుకోవడానికి దారి ఇచ్చింది. మధ్యే మార్గం ఒకటి ఉంది: ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్. సొలిసిటర్ కూర్చుని నాలుగు పేరాలు రాసిస్తాడు, అది చదివి వినిపించి, మిగతా ప్రశ్నలకి నో కామెంట్ అంటారు. రక్షణ రికార్డు మీదకి వస్తుంది, తడబడి ఏదో అనేసే ప్రమాదం ఉండదు. ఈ మూడింట్లో ఏది అన్నది సాక్ష్యం చూశాక తేల్చాల్సిన మాట. ఫోరంలో మనం తేల్చలేం.

లీడ్స్_సుబ్బు
సరే, గురువారం స్టేషన్‌కి వెళ్ళి అక్కడే డ్యూటీ సొలిసిటర్ (ఆ పూట వంతులో ఉన్న సొలిసిటర్) కావాలని అడగమంటారా? లేక ముందే ఎవరినైనా పట్టుకోవాలా?

ఈస్ట్‌హామ్_వెంకట్
ముందే పట్టుకో. అరెస్ట్ అయితే టైమ్ ఉండదు కాబట్టి డ్యూటీ సొలిసిటర్ మీద ఆధారపడాలి, వాలంటరీకి ఆ ఇబ్బంది లేదు. గవ్.యూకేలో లీగల్ ఎయిడ్ అడ్వైజర్‌ని వెతికే పేజీ ఉంది. పోస్ట్‌కోడ్ కొట్టి "క్రైమ్" విభాగం ఎంచుకుంటే లీగల్ ఎయిడ్ కాంట్రాక్టు ఉన్న ఫర్మ్‌లు మాత్రమే వస్తాయి. ఆ కాంట్రాక్టు మాట ముఖ్యం. కాంట్రాక్టు లేని ఫర్మ్‌కి ఫోన్ చేస్తే ఫీజు అడుగుతారు, మనవాడు "ఉచితం అన్నారే" అని అక్కడే ఆగిపోతాడు.

ఫోన్‌లో ఇలా చెప్పాలి: ఫలానా స్టేషన్‌లో వాలంటరీ ఇంటర్వ్యూ, ఫలానా తేదీ, ఆఫీసర్ పేరు, ఆయన ఫోన్ నంబర్, ఈమెయిల్, ఏ ఆరోపణ. "పోలీస్ స్టేషన్ లీగల్ ఎయిడ్ కింద వస్తారా?" అని అడగాలి. వస్తామంటే మిగతాది వాళ్ళే చూసుకుంటారు. గురువారం వాళ్ళకి కుదరకపోతే ఆఫీసర్‌తో మాట్లాడి తేదీ మారుస్తారు. మారుస్తారో లేదోనని భయపడొద్దు, అది రోజూ జరిగేదే. చేయకూడనిది ఒక్కటే, చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టడం. అప్పుడు ఇంటికొచ్చి అరెస్ట్ చేసే వీలుంది.

నెల్లూరు_నాన్న
మా అబ్బాయి మాంచెస్టర్‌లో చదువుతున్నాడు, అందుకే ఇవన్నీ చదువుతుంటాను. అరెస్ట్ చేసి లోపల పెడితే ఫోన్ లాగేసుకుంటారు కదా. పిల్లాడు లాయర్‌ని ఎలా పిలుస్తాడు? తల్లిదండ్రులం ఇక్కణ్ణుంచి ఏమైనా చేయగలమా?

హౌన్‌స్లో_అక్క
@నెల్లూరు_నాన్న గారూ, అరెస్ట్ అయి స్టేషన్‌కి రాగానే కస్టడీ ఆఫీసర్ ముందు నిలబెడతారు. ఉచిత న్యాయ సలహా కావాలా అని ఆయన అడగాలి, జవాబు రికార్డులో రాయాలి. "కావాలి" అనగానే స్టేషన్ నుంచి డిఫెన్స్ సొలిసిటర్ కాల్ సెంటర్‌కి సమాచారం వెళ్తుంది. అది రోజంతా, రాత్రంతా పనిచేస్తుంది. తనకి తెలిసిన ఫర్మ్ పేరు చెప్తే వాళ్ళకి, లేకపోతే ఆ ఏరియాలో ఆ పూట డ్యూటీలో ఉన్నవారికి కేసు ఇస్తారు. 45 నిమిషాల లోపు ఫోన్‌లో మాట్లాడాలన్నది వాళ్ళ కాంట్రాక్టులో ఉన్న లక్ష్యం. ఇంటర్వ్యూ ఉంటే మనిషే వస్తారు. చిన్న నేరాలు కొన్నింటికి ఫోన్ సలహాతోనే సరిపెడతారు.

ఒకసారి "వద్దు" అన్నా తర్వాత ఎప్పుడైనా "కావాలి" అనొచ్చు. ఇంటర్వ్యూ మధ్యలో అన్నా ఆపాలి.

మీరు నెల్లూరు నుంచి చేయగలిగింది ఒకటుంది: ఏ స్టేషన్‌లో ఉన్నాడో తెలిస్తే క్రిమినల్ ఫర్మ్‌కి మీరే ఫోన్ చేసి పంపమని అడగొచ్చు. కుటుంబం తరఫున సొలిసిటర్ వచ్చాడని లోపలున్న మనిషికి పోలీసులు చెప్పాలి, కలుస్తావా అని అడగాలి. ముందు వద్దన్నవాడైనా అప్పుడు మనసు మార్చుకోవచ్చు. అయితే కేసులో ఏముందో ఆ సొలిసిటర్ మీకు చెప్పరు. అబ్బాయి అనుమతి ఇస్తేనే చెప్తారు. దానికి నొచ్చుకోకండి, ఆ గుట్టు అబ్బాయిని కాపాడేదే.

గోదారోడు
డ్యూటీ సొలిసిటర్ అంటే పోలీసులు పిలిపించేవాడే కదా, పోలీసుల మనిషి కాడా?

కేసుకాగితం
కాడు. ప్రైవేట్ ఫర్మ్‌లలో పనిచేసే సొలిసిటర్లే రోటాలో వంతులవారీగా డ్యూటీ చేస్తారు. డబ్బు లీగల్ ఎయిడ్ ఏజెన్సీ ఇస్తుంది. పోలీసులు ఫోన్ చేస్తారంతే, ఎవరు రావాలో తేల్చేది వాళ్ళు కాదు. కొన్నిసార్లు సొలిసిటర్‌కి బదులు అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్ వస్తారు. స్టేషన్ పనికి పరీక్ష పాసైనవాళ్ళే, కంగారు పడనక్కర్లేదు.

నిజమైన ఇబ్బంది వేరే ఉంది: ఎదురుచూపు. రాత్రి పూట గంటలు పడుతుంది. సెల్‌లో కూర్చున్న మనిషికి "లాయర్ లేకుండా కానిచ్చేస్తే తొందరగా ఇంటికెళ్ళొచ్చు" అనిపిస్తుంది. పోలీసులు ఆ మాట అనకూడదు. సలహా తీసుకోకుండా మనసు మళ్ళించే మాటేదీ అనరాదని పేస్ చట్టం కింది పోలీసు నియమావళి అయిన కోడ్ సీలో 6.4 పేరా. సాధారణంగా చార్జ్ (అధికారికంగా నేరం మోపడం) లేకుండా 24 గంటలు మాత్రమే ఉంచగలరు. పెద్ద నేరాల్లో సూపరింటెండెంట్ 36 దాకా, మేజిస్ట్రేట్ 96 దాకా పొడిగించగలరు. గడియారం పోలీసుల మీద కూడా నడుస్తోంది. నాలుగు గంటల తొందర కోసం సొలిసిటర్‌ని వదులుకోవడం చెడ్డ బేరం.

రెడింగ్_రఘు
ఒక మినహాయింపు రాయండి ఎవరైనా. తాగి నడిపిన కేసుల్లో ఇది తెలియక రెండో కేసు నెత్తిమీదకి తెచ్చుకుంటారు.

కరీంనగర్_పోరడు
అవ్, మస్తు ముఖ్యం. స్టేషన్ల పెద్ద మెషిన్ ల ఊదమంటరు. "మా సొలిసిటర్ వచ్చేదాంక ఊద" అంటే నడవదు. శాంపిల్ కోసం సలహా దాకా ఆగాల్సిన పని పోలీసులకు లేదు. ఊదకుంటే గదే ఒక నేరం, 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం 7వ సెక్షన్. ఇంగ్లండ్‌ల లిమిట్ 100 మిల్లీలీటర్ల శ్వాసకు 35 మైక్రోగ్రాములు. 36 వచ్చినోడు గూడ ఊదకపోవుడుతోని ఇంకా ఎక్కువ ఇరుక్కుంటడు. సొలిసిటర్ కావాలని చెప్పున్రి, ఊదుడు మాత్రం ఊదున్రి.

ఈస్ట్‌హామ్_వెంకట్
మనవాళ్ళకి దుబాసీ విషయం కూడా. "ఇంగ్లీషులో ఎంఎస్సీ చేస్తున్నావు, ఇంటర్‌ప్రెటర్ ఎందుకు" అని మనకి మనమే అనుకుంటాం. క్లాసులో ఇంగ్లీషు వేరు, "ఐ మే హావ్ పుష్డ్ హిమ్" అంటే "నెట్టాననుకుంటా" అన్నట్టు రికార్డయ్యే ఇంగ్లీషు వేరు. సందేహం ఉంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగాలి, అది కూడా ఉచితం. "తెలుగు" అని నొక్కి చెప్పాలి. ఇండియన్ అనగానే హిందీ వాళ్ళని పిలిచే ప్రమాదం ఉంది. సొలిసిటర్‌తో విడిగా మాట్లాడేటప్పుడు కూడా ఇంటర్‌ప్రెటర్ ఉండాలి. స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టి అనువాదం చేయించొద్దు, రేపు అతనే సాక్షి కావచ్చు.

రెడింగ్_రఘు
ఇప్పుడు నా ప్రశ్న. స్టేషన్ దశ అయిపోయింది, ఏబీహెచ్ (కొట్టి గాయపరిచిన నేరం) కింద చార్జ్ చేసి మేజిస్ట్రేట్స్ కోర్టుకి (కింది కోర్టు) రమ్మని కాగితం వచ్చిందనుకుందాం. మనిషికి ఐటీ ఉద్యోగం, ఏడాదికి 41,000 పౌండ్లు. భార్య ఇంట్లోనే, పిల్లలిద్దరు, 4 ఏళ్ళు, 6 ఏళ్ళు. అద్దె నెలకి 1,500, కౌన్సిల్ ట్యాక్స్ ఏడాదికి 2,000. "నీ జీతానికి లీగల్ ఎయిడ్ రాదు" అని అందరూ తేల్చేశారు. నిజమా?

కేసుకాగితం
లెక్క వేయకుండా ఎవరూ తేల్చకూడదు. కోర్టు దశలో ఉచితం అనేది అందరికీ కాదు, రెండు పరీక్షలు దాటాలి. దాటితే వచ్చేదాన్ని రిప్రజెంటేషన్ ఆర్డర్ అంటారు.

ఆదాయ పరీక్ష చూద్దాం. కుటుంబ మొత్తం స్థూల ఆదాయాన్ని కుటుంబ సైజుతో భాగిస్తారు. ఒక్కడే అయితే 1. భార్య లేదా భర్త ఉంటే 0.64 కలపాలి. 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకి 0.30, 5 నుంచి 7 ఏళ్ళకి 0.34. మీరు చెప్పిన ఇంటికి 1 + 0.64 + 0.30 + 0.34 = 2.28. 41,000ని 2.28తో భాగిస్తే 17,982. ఇది 12,475 లోపు ఉంటే నేరుగా పాస్, 22,325 దాటితే ఫెయిల్, మధ్యలో ఉంటే పూర్తి లెక్క. మీది మధ్యలో.

పూర్తి లెక్క: ఆదాయపు పన్ను సుమారు 5,686, నేషనల్ ఇన్సూరెన్స్ సుమారు 2,274 తీసేస్తే 33,040. కౌన్సిల్ ట్యాక్స్ 2,000, అద్దె 18,000 తీస్తే 13,040. జీవన ఖర్చుల కింద 5,676ని 2.28తో గుణించి 12,941 తీస్తారు. మిగిలింది 99 పౌండ్లు. హద్దు 3,398. పాస్. చైల్డ్ బెనిఫిట్ వస్తుంటే దాన్ని ఆదాయంలో కలిపి చూసినా ఈ ఇంటికి హద్దు దాటదు.

అదే జీతం, పిల్లలు లేని జంట అయితే 41,000 భాగించు 1.64, అంటే 25,000. మొదటి మెట్టు మీదే ఫెయిల్. జీతం ఒక్కటి చూసి ఎవరూ చెప్పలేరన్నది అందుకే.

రెడింగ్_రఘు
ఇది ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్. భార్యే కంప్లైంట్ ఇచ్చిన కేసయితే ఆమె జీతం కూడా కలుపుతారా?

హౌన్‌స్లో_అక్క
కలపరు. ఆమె బాధితురాలో ప్రాసిక్యూషన్ సాక్షో అయితే ఆమె ఆదాయం పక్కన పెడతారు. అలాగే ఆమెను ఇంటి సైజు లెక్కలోకీ తీసుకోరు. అలాంటి కేసుల్లో బెయిల్ షరతు "ఆమెను నేరుగా గానీ ఇంకొకరి ద్వారా గానీ సంప్రదించరాదు" అని ఉంటుంది. అత్తగారితోనో అక్కతోనో "ఒక్కమాట చెప్పండి" అని కబురు పంపినా ఉల్లంఘనే. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి రాజీ చేయించే అలవాటు వల్ల ఇక్కడే పడిపోతారు. ఇంకో సంగతి, ఆమె కంప్లైంట్ వెనక్కి తీసుకుంటానన్నా కేసు దానంతట అది పోదు. నడపాలా వద్దా అన్నది క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు) నిర్ణయం.

గోదారోడు
రెండో పరీక్ష ఏంటి?

కేసుకాగితం
ఇంటరెస్ట్స్ ఆఫ్ జస్టిస్. అంటే ఈ మనిషికి లాయర్ అవసరమా అన్న ప్రశ్న. జైలు శిక్ష పడే అవకాశం, ఉద్యోగం పోయే అవకాశం, పరువుకి తీవ్ర నష్టం, చట్టపరమైన చిక్కు ప్రశ్న, కోర్టులో జరిగేది తనకి అర్థం కాని పరిస్థితి, సాక్షుల్ని వెతికి మాట్లాడాల్సి రావడం, ప్రాసిక్యూషన్ సాక్షిని నేర్పుగా క్రాస్ చేయాల్సి రావడం. వీటిలో ఏది వర్తిస్తే అది రాయాలి. కేసు క్రౌన్ కోర్టుకి (జ్యూరీ ఉండే పై కోర్టు) వెళ్తే ఈ పరీక్ష దానంతట అదే పాసైనట్టు.

అప్లికేషన్లు తిరిగొచ్చేది చాలావరకు ఇక్కడే. "జైలు పడొచ్చు" అని రెండు మాటలు రాసి పంపితే చాలదు. ఎందుకు పడొచ్చు? గాయం ఎంత, వస్తువు ఏదైనా వాడారని ఆరోపణా, పాత కేసులున్నాయా? ఉద్యోగం పోవచ్చంటే ఏ ఉద్యోగం, స్పాన్సర్‌షిప్ ఉందా, శిక్ష పడితే ఆ కంపెనీ ఏం చేస్తుంది? భాష ఇబ్బంది ఉంటే అదీ రాయాలి. ఫారం నింపేది సొలిసిటరే, కానీ ఈ వివరాలు మీరు చెప్తేనే ఆయనకి తెలుస్తాయి.

ఈస్ట్‌హామ్_వెంకట్
కాగితాల్లో జరిగే పొరపాట్లు నేను రాస్తా. ఫారం పేరు సీఆర్‌ఎం 14. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్, పేస్లిప్, బ్యాంకు స్టేట్‌మెంట్లు దగ్గర పెట్టుకోవాలి. స్టూడెంట్లు ఎక్కువగా తప్పేది ఇక్కడ: ఆదాయం సున్నా అని రాసేస్తారు. సున్నా అయితే అద్దె ఎలా కడుతున్నావ్, తిండి ఎలా అని ఫారమే అడుగుతుంది. ఇంటి నుంచి నాన్న పంపుతుంటే ఆ మాట, ఎంత పంపుతున్నారో రాయాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నెలనెలా డబ్బు పడుతూ ఉండి ఫారంలో సున్నా ఉంటే అప్లికేషన్ ఆగిపోతుంది. తప్పుడు సమాచారం ఇస్తే అది ఇంకో నేరం.

18 ఏళ్ళు నిండనివాళ్ళకి ఆదాయ పరీక్ష లేదు. యూనివర్సల్ క్రెడిట్ లాంటి బెనిఫిట్ న్యాయంగా అందుకుంటున్నవాళ్ళు కూడా నేరుగా పాస్.

హద్దు కొంచెం దాటి, అసాధారణ ఖర్చులుంటే (అప్పుల వాయిదాలు లాంటివి) హార్డ్‌షిప్ రివ్యూ అడగొచ్చు. దాని ఫారం సీఆర్‌ఎం 16. ఫెయిల్ అనగానే చేతులెత్తేయొద్దు.

కరీంనగర్_పోరడు
కోర్టు మొదటి రోజు దాంక ఆర్డర్ రాకుంటే?

హౌన్‌స్లో_అక్క
కోర్టులో కూడా డ్యూటీ సొలిసిటర్ ఉంటారు. 10కి కోర్టు మొదలైతే 9 గంటలకల్లా వెళ్ళి కోర్టు సిబ్బందిలో ఉండే అషర్‌ని అడగాలి. ఆలస్యంగా వెళ్తే వరసలో ఆఖరు, మాట్లాడడానికి పది నిమిషాలు కూడా దొరకవు. ఆదాయం అడగరు, ఉచితం. కానీ హద్దులున్నాయి: జైలు పడే అవకాశమున్న నేరమో, కస్టడీలో ఉన్న మనిషో అయ్యుండాలి. మొదటి హాజరుకే సాయం చేస్తారు, ట్రయల్ నడపరు. ఒకే కేసులో రెండోసారి వాయిదాకి వెళ్ళి మళ్ళీ డ్యూటీ సొలిసిటర్ అంటే కుదరదు.

గోదారోడు
జైలు పడని కేసులంటే స్పీడింగ్ లాంటివా?

ఈస్ట్‌హామ్_వెంకట్
అవును. స్పీడింగ్, ఇన్సూరెన్స్ లేకుండా నడపడం. మన స్టూడెంట్లు ఇండియా లైసెన్స్ మీద ఇక్కడికి వచ్చిన 12 నెలల దాకా నడపొచ్చు. 13వ నెలలో నడిపితే లైసెన్స్ లేనట్టే. దాంతో ఇన్సూరెన్స్ కూడా చెల్లదంటారు. ఇన్సూరెన్స్ లేని నేరానికి 6 నుంచి 8 పాయింట్లు. వీటికి లీగల్ ఎయిడ్ రాదనే అనుకోవాలి.

వీటికి వచ్చే కాగితం సింగిల్ జస్టిస్ ప్రొసీజర్ నోటీస్, అంటే ఒక్క మేజిస్ట్రేట్ కాగితాలు చూసి తేల్చే పద్ధతి. 21 రోజుల్లో జవాబివ్వాలి. ఇల్లు మారితే నోటీస్ పాత ఇంటికి వెళ్తుంది, మనం లేకుండానే శిక్ష వేసేస్తారు. అలా జరిగితే తెలిసిన రోజు నుంచి 21 రోజుల లోపు స్టాట్యుటరీ డిక్లరేషన్ (కేసు సంగతి తెలియదని ప్రమాణం చేసే కాగితం) ఇస్తే కేసు మొదటికి వస్తుంది. ఇల్లు మారగానే డీవీఎల్ఏలో (డ్రైవింగ్ లైసెన్సులు ఇచ్చే సంస్థ) అడ్రస్ మార్చుకోండి.

రెడింగ్_రఘు
క్రౌన్ కోర్టుకి వెళ్తే లీగల్ ఎయిడ్ సులువు అన్నారు కదా. ఏబీహెచ్‌లో జ్యూరీ ట్రయల్ కోరుకునే హక్కు ఉంది. అలా కోరుకుంటే మంచిదా?

కేసుకాగితం
లీగల్ ఎయిడ్ కోసమని మాత్రం కోర్టు ఎంచుకోకూడదు. క్రౌన్‌లో ఏడాది మిగులు ఆదాయం 37,500 దాకా ఆర్డర్ వస్తుంది, నిజమే. కానీ మిగులు 3,398 దాటితే నెలనెలా వాటా కట్టాలి. మిగులులో 90 శాతాన్ని 12తో భాగిస్తే నెల వాటా. ఉదాహరణకి మిగులు 12,000 అనుకుందాం: 10,800 భాగించు 12, నెలకి 900. సకాలంలో కడితే 5 నెలలు, ఆలస్యం చేస్తే ఆరోది కూడా. అంటే 4,500. నిర్దోషి అని తేలితే వడ్డీతో తిరిగిస్తారు. దోషి అని తేలి, ఇల్లు, సేవింగ్స్ కలిపి 30,000 పైన ఆస్తి ఉంటే మిగతా ఖర్చు దాన్లోంచి అడగొచ్చు. మేజిస్ట్రేట్స్ కోర్టులో ఈ వాటా పద్ధతి లేదు, ఇస్తే పూర్తిగా ఇస్తారు. మీరు చెప్పిన ఇంటికి రెండు చోట్లా కట్టేది ఏమీ ఉండదు. కాబట్టి ఏ కోర్టు అన్నది సాక్ష్యాన్ని బట్టి, పడగల శిక్షని బట్టి సొలిసిటర్‌తో తేల్చుకోవాలి.

గోదారోడు
జీతం ఎక్కువున్నవాళ్ళు అప్లై చేయడం దండగేగా మరి?

కేసుకాగితం
దండగ కాదు. క్రౌన్ కోర్టులో ప్రైవేట్‌గా డబ్బు పెట్టుకుని గెలిస్తే, కొంత ఖర్చు తిరిగి రాబట్టుకోవచ్చు. దానికి ముందు లీగల్ ఎయిడ్‌కి అప్లై చేసి, ఆదాయం ఎక్కువని తిరస్కరణ వచ్చి ఉండాలి. అప్లై చేయకుండా నేరుగా డబ్బు పెట్టుకున్నవాడికి గెలిచినా ఏమీ రాదు. వచ్చేది కూడా లీగల్ ఎయిడ్ రేట్ల ప్రకారమే, కట్టిన ఫీజంతా కాదు. మేజిస్ట్రేట్స్ కోర్టులో గెలిచినా రేటు అదే, కాకపోతే ఈ తిరస్కరణ కాగితం షరతు అక్కడ లేదు. ఈ ఒక్క కాగితం లేక వేల పౌండ్లు పోగొట్టుకునే వీలుంది.

నెల్లూరు_నాన్న
ఆర్డర్ వచ్చాక లాయర్‌కి మేం పైన కొంత ఇస్తే ఇంకా శ్రద్ధగా చూస్తారా? ఇక్కడ మన కోర్టుల్లో అలవాటైపోయి అడుగుతున్నాను.

హౌన్‌స్లో_అక్క
ఇవ్వొద్దండీ. ఆర్డర్ ఉన్న కేసులో అదే పనికి క్లయింట్ దగ్గరో కుటుంబం దగ్గరో పైసా కూడా తీసుకోకూడదు. ఎవరైనా అడిగితే అదే అనుమానించాల్సిన సంగతి. ఇంకోటి, "నాకు లాయర్ తెలుసు, 2,000 పౌండ్లు పంపండి" అనే మధ్యవర్తులు మన గ్రూపుల్లో ఉంటారు. సొలిసిటర్ పేరు సొలిసిటర్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఆర్‌ఏ రిజిస్టర్‌లో వెతికి చూడండి, అందులో లేకపోతే సొలిసిటర్ కాదు.

ఇండియాలో కేసయితే దారి వేరు. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది వస్తారు. హెల్ప్‌లైన్ 15100.

రెడింగ్_రఘు
సొలిసిటర్ నచ్చకపోతే మార్చుకోవచ్చా?

ఈస్ట్‌హామ్_వెంకట్
ఆర్డర్ రాకముందు ఇష్టం. వచ్చాక కోర్టు అనుమతి కావాలి, బలమైన కారణం చూపాలి: ఇద్దరి మధ్య నమ్మకం పూర్తిగా చెడిపోవడమో, ప్రయోజనాల వైరుధ్యమో. "ఫోన్ ఎత్తడం లేదు" అంటే ఒప్పుకుంటారని చెప్పలేం. అందుకే సంతకం పెట్టేముందు అడగండి: నా కేసు రోజూ చూసేది ఎవరు, ట్రయల్‌కి ఎవరొస్తారు, ఇలాంటి కేసులు చేస్తారా. స్టేషన్‌కి వచ్చిన ఫర్మ్‌నే కోర్టుకీ పెట్టుకోవాలని రూల్ లేదు.

క్లైడ్_తెలుగు
గ్లాస్గో, ఎడిన్‌బరా వాళ్ళు ఈ అంకెలు వాడొద్దు. స్కాట్లాండ్‌లో చట్టం వేరు, స్కాటిష్ లీగల్ ఎయిడ్ బోర్డ్ వేరు. స్టేషన్‌లో సొలిసిటర్ హక్కు ఇక్కడా ఉంది, 2016 క్రిమినల్ జస్టిస్ చట్టం కింద. తాగి నడిపే హద్దు కూడా ఇక్కడ తక్కువ, 35 కాదు 22.

లీడ్స్_సుబ్బు
@హౌన్‌స్లో_అక్క రెండో కాషన్ గురించి తర్వాత రాస్తానన్నారు. మావాడితో ఆఫీసర్ "ఒప్పుకుంటే చిన్నదానితో పోతుంది" అన్నాడట ఫోన్‌లో.

హౌన్‌స్లో_అక్క
ఆ మాటే అన్నాడంటే సొలిసిటర్ తప్పనిసరి. పోలీస్ కాషన్ తీసుకోవడమంటే నేరం ఒప్పుకోవడం. కోర్టు లేదు, ఫైన్ లేదు, ఆ రోజు హాయిగా ఇంటికెళ్తారు. కానీ పోలీస్ రికార్డులో ఉంటుంది. వీసా పొడిగింపు ఫారంలో కాషన్లు ఉన్నాయా అని అడిగితే చెప్పాలి. దాచితే మోసం కింద తిరస్కరించే ప్రమాదం, అది కాషన్ కంటే పెద్ద దెబ్బ. కేర్ హోమ్, స్కూల్ ఉద్యోగాలకి చేసే డీబీఎస్ (నేర చరిత్ర) చెక్‌లో కూడా బయటపడొచ్చు. దాడి ఆరోపణ ఉన్న కేసులో "తొందరగా అయిపోతుంది" అని సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలు సొలిసిటర్‌ని అడగాలి: సాక్ష్యం కోర్టులో నిలుస్తుందా? కమ్యూనిటీ రిజల్యూషన్ (క్షమాపణతోనో పరిహారంతోనో ముగించడం) లాంటి తేలికైన దారి ఉందా?

వీసా మీద ప్రభావం గురించి క్రిమినల్ సొలిసిటర్ లోతుగా చెప్పలేకపోవచ్చు, అది వేరే విద్య. వీసా సలహాకి లీగల్ ఎయిడ్ మామూలుగా రాదు, విడిగా ఫీజు కట్టాలి. కట్టడం మంచిది, అదీ నేరం ఒప్పుకోకముందు. 12 నెలలు లేదా అంతకంటే ఎక్కువ జైలు శిక్ష పడిన విదేశీయుల్ని డిపోర్ట్ చేయాలని 2007 యూకే బోర్డర్స్ చట్టమే చెప్తోంది. నేరం మొదట్లోనే ఒప్పుకుంటే శిక్షలో మూడో వంతు దాకా తగ్గుతుంది కాబట్టి "ఒప్పేసుకో" అన్న సలహా కొన్ని కేసుల్లో సరైనదే. అయినా ఏ నేరాన్ని ఒప్పుకుంటున్నారో, అది వీసాకి ఏం చేస్తుందో తెలిశాకే.

లీడ్స్_సుబ్బు
మీరు చెప్పినట్టే పేజీలో వెతికి మూడు ఫర్మ్‌లకి ఫోన్ చేయించాను. రెండో వాళ్ళు ఒప్పుకున్నారు, ఫీజు లేదన్నారు. ఆఫీసర్‌కి వాళ్ళే ఈమెయిల్ పెట్టి తేదీ వచ్చే మంగళవారానికి మార్పించారు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని కూడా రాశారు. ఈలోగా వాడు చేయాల్సింది ఏమైనా ఉందా?

కేసుకాగితం
గొడవ రోజు ఏం జరిగిందో టైముల వారీగా రాసుకోమను, పైన "నా సొలిసిటర్ కోసం" అని పెట్టి, ఆయనకి మాత్రమే ఇవ్వమను. అక్కడున్నవాళ్ళ పేర్లు సొలిసిటర్‌కి చెప్పాలి, వాడు మాత్రం సాక్షులతో ఆ సంగతి మాట్లాడకూడదు. వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో ఒక్క ముక్క రాయకూడదు, ఉన్న మెసేజ్‌లు తుడిచేయకూడదు. వేర్‌హౌస్ సీసీటీవీ కొన్నాళ్ళకి చెరిగిపోతుంది. ఫుటేజ్ దాచిపెట్టమని రాయమని సొలిసిటర్‌కి ఈరోజే చెప్పండి, మంగళవారం దాకా ఆగొద్దు.

లీడ్స్_సుబ్బు
ఇప్పుడే ఫోన్ చేయిస్తున్నా.